‘మా ఊరు’ అంటే ఏ ఊరు?

పిల్లలూ, బదిలీ అయినప్పుడల్లా లారీ ఎక్కే మా సామానులో గిన్నెల కంటే కాగితాలే బరువు. జోర్హాట్‌లో, భటిండాలో, ఆవడిలో సాయంత్రాలు మా ఇంటికొచ్చి తెలుగు నేర్చుకున్న మీలాంటివాళ్ళు రాసిన వ్యాసాలవి. సగానికి పైగా వాటికి పేరొక్కటే, ‘మా ఊరు’. ఒకరు పేరు చెప్పకుండా ‘మా నది చాలా పెద్దది’ అని రాశారు. జోర్హాట్‌లో రాసిందని తెలిస్తేనే అది బ్రహ్మపుత్ర.

కాగితాలు చిరిగిపోతున్నాయని కంప్యూటర్లోకి ఎక్కించాం. మా ఇద్దరిలో ఒకరిది తెలుగు పాఠం, ఒకరిది సి షార్ప్ ప్రోగ్రాము. భద్రపరచడానికి ఎక్స్‌ఎంఎల్ ఎంచుకున్నాం. అందులో ట్యాగుల పేర్లు తెలుగులోనే పెట్టుకోవచ్చు, నోట్‌ప్యాడ్‌లో తెరిచినా చదువుకోవచ్చు.

ప్రోగ్రాములోని వస్తువును ఇలా ఫైలుగా రాయడాన్ని సీరియలైజేషన్ అంటారు. ‘సంపుటి’ అనే క్లాసు లిస్టుకు వారసురాలు. రచనలతో పాటు దానికి ఊరు, సంవత్సరం అనే రెండు ప్రాపర్టీలు ఉన్నాయి. డాట్‌నెట్‌లోని ఎక్స్‌ఎంఎల్ సీరియలైజర్ రాసిచ్చిన ఫైల్లో రచనలన్నీ వచ్చాయి. ఊరు లేదు, సంవత్సరం లేదు. ఎర్రరూ రాలేదు! పైగా మొదటి ట్యాగు ‘అర్రేఆఫ్‌రచన’ అని ఉంది. సగం ఇంగ్లీషు, సగం తెలుగు. మన ఇళ్ళలో మాట్లాడే భాషే అనుకోండి.

ఇది దాని నియమం. క్లాసు తానే ఒక లిస్టయితే, సీరియలైజర్ లోపలి అంశాలనే రాస్తుంది, క్లాసు సొంత ప్రాపర్టీలను పట్టించుకోదు. పెట్టెలో సామానంతా దించి, పెట్టె మీద రాసిన చిరునామాను వదిలేసినట్టు. మనలాంటివాళ్ళకు ఆ చిరునామా లేకపోతే ఎలా?

అందుకని సంపుటి లిస్టుగా ఉండటం మాని, లిస్టును తనలో ఒక ప్రాపర్టీగా పెట్టుకుంది. అప్పుడు ఊరు, సంవత్సరం, రచనలు మూడూ పక్కపక్కనే ఫైల్లోకి వచ్చాయి. ఇక పేర్లు మన చేతిలోవే. లిస్టు మీద ‘ఎక్స్‌ఎంఎల్ అర్రే’ అని రాస్తే రచనలన్నిటినీ చుట్టే పెద్ద ట్యాగుకు మనం చెప్పిన పేరు వస్తుంది, ‘ఎక్స్‌ఎంఎల్ అర్రే ఐటమ్’ అంటే ఒక్కో రచనకు. చుట్టూ ట్యాగు వద్దనుకుంటే ‘ఎక్స్‌ఎంఎల్ ఎలిమెంట్’ చాలు. మాకు అదే నచ్చింది, ఫైలు చదవడానికి తేలిక. అమ్మానాన్నల ఫోన్ నంబర్లకు మాత్రం ‘ఎక్స్‌ఎంఎల్ ఇగ్నోర్’ పెట్టాం. అవి బయటికి పోవాల్సినవి కావు.

ఒక రచనకు ఊరు దొరకలేదు. ‘మా ఊళ్ళో పొద్దున్నే రైలు కూత వినిపిస్తుంది’ అని మొదలవుతుంది, వెనక సంతకం లేదు. ఊరు విలువను ‘నల్’గా వదిలేస్తే సీరియలైజర్ ఆ ట్యాగునే రాయదు. ఖాళీ మాట ఇస్తే ఖాళీ ట్యాగు రాస్తుంది. మేము ఖాళీ ట్యాగే ఉంచాం. ఆ రైలు కూత మీలో ఎవరిదైనా అయితే, తెలుగు క్లాసుకొచ్చి ఊరి పేరు చెప్పండి.