వారపు సభ

మా పట్టణమునందలి రోటరీ సంఘమువారు వారమున కొకసారి కూడుదురు. గంట మ్రోగును, భోజనములగును, పిమ్మట ప్రముఖులొకరు ప్రసంగింతురు. మొన్నటి సభలో నొక బియ్యపు మిల్లు యజమానిగారు మాటలాడిరి. బడులకు బల్లలు, ఆసుపత్రికి మంచములు తామిచ్చిన వివరమెల్ల వినిపించిరి. కరతాళధ్వనులు మిన్నుముట్టినవి.

మే మా దానమును నిందింపము. 1985లో నీ సంఘము పోలియో నిర్మూలనమునకు పూనుకొన్నది. 2014లో మన దేశమునకు పోలియో లేదను గుర్తింపు లభించుటలో దాని కృషికిని పాలు కలదు. కాని సేవ యనునది లాభమును లెక్కించిన పిమ్మట మొదలగునా, లేక లాభమార్జించునప్పుడే మొదలగునా?

ఈ ప్రశ్నకు సంఘచరిత్రలోనే సమాధానమున్నది. 1932లో షికాగో నగరమున రోటరీ సభ్యుడైన హెర్బర్టు టేలరుగారు దివాలాకు సిద్ధమైన యొక అల్యూమినియము పాత్రల వ్యాపారమును చేపట్టి, నాలుగు ప్రశ్నలు కూర్చుకొనిరి. మాట సత్యమా, పని న్యాయమా, మైత్రి పెరుగునా, అందఱకు మేలగునా యనునవే యవి. వానిని తమ ప్రకటనలకే యన్వయించి, 'అన్నిటికంటె శ్రేష్ఠమైనది' వంటి మాటలను తీసివేయించిరి. 1943లో రోటరీ యా ప్రశ్నలను స్వీకరించెను.

మా సభాభవనపు గోడమీదను అవి వ్రాయబడియున్నవి. వక్తగారు వాని క్రిందనే నిలిచి ప్రసంగించిరి; మిల్లులో కూలి యెంత, రైతునకు తూకమెట్టిది యను ముచ్చట మాత్రము రాలేదు. ఇకమీదట ప్రతి వక్తయు తానిచ్చిన దానముతోపాటు, ఆ నాలుగు ప్రశ్నలకు తన వ్యాపారము చెప్పు సమాధానమునుగూడ సభకు వినిపింపవలెనని మా మనవి. దానమిచ్చు చేతికన్న ముందు త్రాసు పట్టిన చేయి శుద్ధము కావలెను.