కడుపులో పాలిప్ ఉంటే పెద్దపేగు చూడాలా?

"డాక్టరుగారూ, కడుపులో పాలిప్ ఉందన్నారు. పేగులో కూడా ఉంటుందా?" ఎండోస్కోపీ రిపోర్టు పట్టుకొచ్చినవారు నన్ను తరచు అడిగే ప్రశ్న ఇది. ముందు మీరు కంగారుపడకండి. పాలిప్ అంటే లోపలి పొరమీద లేచిన చిన్న కండ బుడిపె. ప్రతి పాలిప్పూ కాన్సరు కాదు.

ఎసిడిటీకి ఓమెప్రజోల్ వంటి మందులు ఏళ్ల తరబడి వాడేవారికి కడుపులో చిన్న బుడిపెలు రావచ్చు. సాధారణంగా వీటివల్ల ప్రమాదం లేదు. కేవలం వీటిని చూసి పెద్దపేగుకు పరీక్ష చేయించనక్కరలేదు.

అయితే ఏ మందూ వాడని పడుచువారిలో అవే బుడిపెలు గుంపులుగా కనిపిస్తే నేను ఊరుకోను. "మీ ఇంట్లో ఎవరికైనా చిన్న వయసులో పేగు కాన్సరు వచ్చిందా?" అని అడుగుతాను. వంశపారంపర్యంగా వచ్చే ఒక జబ్బులో పెద్దపేగు నిండా వందలకొద్దీ పాలిప్స్ పుడతాయి. పట్టించుకోకుండా వదిలేస్తే దాదాపు అందరికీ నడివయసులోపే కాన్సరు వస్తుంది. తల్లిదండ్రుల్లో ఒకరికి ఈ జబ్బుంటే ప్రతి బిడ్డకూ వచ్చే అవకాశం సగానికి సగం. అందుకే ఆ పిల్లలకు 10-12 ఏళ్లనుంచే పేగు పరీక్షలు మొదలుపెడతారు.

కనుక ముక్క పరీక్షలో అది ఏ రకం పాలిప్పో అడిగి తెలుసుకోండి. అడినోమా అని రాసి ఉంటే పెద్దపేగు సంగతి డాక్టరుతో తప్పక మాట్లాడండి. సంబంధాలు తప్పిపోతాయని ఇంటివారి జబ్బులు దాచకండి. మలంలో రక్తం పడితే మొలలేనని సరిపెట్టుకోకండి.