బెల్లం మెరిస్తే అనుమానం... మరి నాణెం మెరిస్తే?

"అల్లుడూ, శనివారం ఓసారి అనకాపల్లి వస్తావేటి? చిన్న అమ్మకం పనుంది. నీకైతే ఆ ఆన్‌లైన్ యవ్వారాలు తెలుస్తాయి" అన్నాడు మావయ్య ఫోన్లో.

అమ్మకం అంటే బెల్లమే అనుకున్నా. మావయ్య అక్కడి బెల్లం మార్కెట్‌లో ఓ కొట్టులో ముప్పై రెండేళ్లు గుమస్తాగా చేశాడు. మనకి తెలిసిన అమ్మకం అదొక్కటే కదా!

పొద్దున్నే వైజాగ్‌లో బస్సెక్కాను. గాజువాక, కూర్మన్నపాలెం, లంకెలపాలెం... ఈ రూట్లో ఎప్పుడెళ్లినా సగం టైమ్ ట్రాఫిక్‌కే పోతుంది. అనకాపల్లిలో దిగి ఫోన్ చేస్తే "యార్డులోనే ఉన్నాను, వచ్చీ" అన్నాడు. ఉద్యోగం మానేసి మూడేళ్లయినా సీజన్‌లో పొద్దున్నే యార్డుకి ఓ చుట్టు వెళ్లకపోతే ఆయనకి కాఫీ దిగదు.

మీరు అనకాపల్లి వెళ్తే ముందు చూడాల్సింది ఈ యార్డే. దేశంలోని పెద్ద బెల్లం మార్కెట్లలో ఇదొకటి. సంక్రాంతి చుట్టుపక్కల రోజుల్లో వస్తే తీపి వాసన ముక్కు దగ్గరే ఉండిపోతుంది. దిమ్మలు వరసల్లో పేర్చి ఉంటాయి. వర్తకులు వాటి మధ్య నడుస్తూ చూస్తారు, చేత్తో నొక్కుతారు, అంచు విరిచి నోట్లో వేసుకుంటారు. పాట మొదలవుతుంది. సరుకు అందరి కళ్లముందే ఉంటుంది, రేటూ అందరి చెవిలో పడుతుంది.

పసుపుపచ్చగా మెరుస్తున్న దిమ్మని చూసి "ఇది భలే ఉంది మావయ్యా" అన్నాను. ఆయన నవ్వాడు. "మరీ అంత మెరిస్తే అనుమానించాలిరా. హైడ్రోస్ ఎక్కువ కొట్టుంటారు. రంగొస్తుంది గానీ నిలవుండదు. మంచి బెల్లం కొంచెం ముదురుగా ఉంటాది."

ఆ మాట గుర్తుపెట్టుకోండి. దాంతో మళ్లీ పనుంది.

ఇంటికెళ్లాక అత్త టిఫిన్ పెట్టింది. మావయ్య బీరువా తెరిచి మూడు పెట్టెలు తెచ్చి నా ముందు పెట్టాడు. ఎర్ర వెల్వెట్, లోపల ఒక్కో దాంట్లో ఐదేసి నాణేలు. లక్ష్మీదేవి, వినాయకుడు, వెంకన్న... ధగధగలాడుతున్నాయి. పైన ఓ సర్టిఫికెట్, దాని మీద బంగారు రంగు సీలు.

"24 క్యారెట్ల బంగారు పూత. టీవీలో వచ్చింది. సెట్టు 2,999. మూడు తీసుకున్నాను."

మధ్యాహ్నం భోజనాలయ్యాక టీవీలో వచ్చే ప్రోగ్రామ్ అది. ఓ యాంకరమ్మ ఆపకుండా మాట్లాడుతుంది. స్క్రీన్ మీద టైమర్ వెనక్కి తిరుగుతుంది. "ఇక 40 సెట్లే... ఇక 22 సెట్లే... లిమిటెడ్ ఎడిషన్! రేపు దీని విలువ ఎంతవుతుందో ఊహించండి!" ఫోన్ లైన్లు కలవడం లేదని చెబుతూనే ఉంటారు. మావయ్యకి మాత్రం మొదటిసారికే కలిసింది.

"మరి మర్నాడు మళ్లీ వచ్చిందా ప్రోగ్రామ్?" అడిగాను.

మావయ్య మాట్లాడలేదు. అత్తే చెప్పింది: "మర్నాడేటి, నెలంతా వచ్చింది. రోజూ నలభై సెట్లే."

ఇప్పుడు అత్తకి శుక్లాల ఆపరేషన్ ఉంది. నాణేలు అమ్మి ఆ ఖర్చుకి కలుపుదామని మావయ్య ఆలోచన. ఆ ముందు రోజే తెలిసిన కంసాలికి చూపించాడట. ఆయన గీటురాయి కూడా తియ్యలేదు. "పూతకి లెక్కేటి బాబూ, దేవుడి దగ్గర పెట్టుకోండి" అన్నాడట.

నేను ఫోన్‌లో క్యాలిక్యులేటర్ తీశాను. నాణెం వెడల్పు 3 సెంటీమీటర్లు. రెండు వైపులా కలిపితే సుమారు 14 చదరపు సెంటీమీటర్లు. పూత మందం మైక్రాన్‌లో పదో వంతు అనుకుంటే, నాణేనికి పట్టే బంగారం 3 మిల్లీగ్రాములు కూడా ఉండదు. గ్రాము పది వేలనుకున్నా ముప్పై రూపాయలు. ఐదు నాణేలకి 150 లోపు. మిగతా 2,850? పెట్టె, సర్టిఫికెట్, యాంకరమ్మ, టైమర్.

ఈ ఆట మన దగ్గరే పుట్టింది కాదు. అమెరికా ప్రభుత్వం 1999 నుంచి 2008 దాకా ఒక్కో రాష్ట్రం పేరుతో పావు డాలర్ నాణేలు వేసింది. చిల్లరలో దొరికే నాణేలవి. వాటికే బంగారు పూత, రంగులు పూసి, పెట్టెలో పెట్టి టీవీ షాపింగ్‌లో ఎన్నో రెట్లకి అమ్మారు. నాణేలు సేకరించేవాళ్ల లెక్కలో అలా పూత పూసిన నాణెం పాడైపోయిన నాణెమే.

మావయ్యని తిట్టాలనిపించలేదు. పోయిన నెల నేనూ "2 మాత్రమే మిగిలాయి" అని యాప్ ఎర్రక్షరాల్లో చూపిస్తే అర్ధరాత్రి బూట్లు కొన్నా. అవి ఇప్పటికీ అక్కడ రెండే మిగిలున్నాయి.

మావయ్య ఇంట్లో ఇంకో నాణెం కూడా ఉంది. దేవుడి పటాల పక్కన అద్దాల పెట్టెలో. ఎన్టీఆర్ శతజయంతికి వేసిన వంద రూపాయల నాణెం. 2023 ఆగస్టు 28న రాష్ట్రపతి ద్రౌపదీ ముర్ము విడుదల చేశారు కదా, అదే. హైదరాబాద్ మింట్‌లో తయారైంది. 44 మిల్లీమీటర్ల వెడల్పు. సగం వెండి, 40 శాతం రాగి, మిగతాది నికెల్, జింక్. ప్యాకింగ్‌ని బట్టి 4,050 నుంచి 4,850 దాకా అమ్మారు. మా బావ హైదరాబాద్‌లో లైన్లో నిలబడి కొని తెచ్చాడు. ఇక్కడా లోహం విలువ కంటే ధర ఎక్కువే. కానీ అందులో ఏముందో, ఎవరు వేశారో అంతా రాసే ఉంది. రేపు లక్షలవుతుందని మింట్ చెప్పలేదు.

"మరిది అమ్మేద్దామా?" అన్నాను ఊరికే.

"ఛ! అది అమ్మడానికి కొన్నదేటి?" అన్నాడు మావయ్య.

చూశారా, అభిమానంతో కొన్నదానికి ఆయన దగ్గర లెక్క స్పష్టంగా ఉంది. లాభం కోసం కొన్నదే గుండె మీద కూర్చుంది.

అసలు విషయం అప్పుడు బయటపడింది. అమ్మాల్సింది ఈ పెట్టెలు కాదు. 2012లో వైష్ణోదేవి బోర్డు రజతోత్సవానికి వేసిన ఐదు రూపాయల నాణెం ఒకటి మావయ్య దగ్గరుంది. "ఈ నాణెం ఉంటే 10 లక్షలు" అని ఓ వీడియో చూసి, అందులో ఉన్న నంబర్‌కి ఫొటో పంపాడు. అవతలివాళ్లు వెంటనే "కొంటాం" అన్నారు. రిజిస్ట్రేషన్‌కి 1,100 కట్టించుకున్నారు. ఇప్పుడు జీఎస్టీకి 9,500 పంపమంటున్నారు. ఆ 9,500 ఆపరేషన్ డబ్బుల్లోంచే. నన్ను పిలిచింది ఫోన్‌లో డబ్బు పంపడం చేతకాక!

నాకు చెమటలు పట్టాయి. "ముందు అలా బయటికెళ్దాం పద మావయ్యా" అన్నాను.

బండి మీద శంకరం వెళ్లాం. ఊరికి మూడు కిలోమీటర్లే. అక్కడ పక్కపక్కనే రెండు గుట్టలు, బొజ్జన్నకొండ, లింగాలకొండ. సంఘారామం అన్న మాటే శంకరం అయిందంటారు. మెట్లెక్కితే రాతిలో తొలిచిన గుహలు, బుద్ధుడి శిల్పాలు, పెద్ద గుహలో 16 స్తంభాల మధ్య ఒకే రాతిలో చెక్కిన స్తూపం. పడమటి గుట్ట మీద వరసగా రాతి స్తూపాలు. అటు చూస్తే చెరకు తోటలు, కొబ్బరి చెట్లు. సాయంత్రం గాలికి కూర్చోడానికి ఇంతకంటే మంచి చోటు ఈ చుట్టుపక్కల లేదు.

ఇక్కడికే ఎందుకు తీసుకొచ్చానంటే, ఈ కొండకీ నాణేల కథ ఉంది. 1906లో అలెగ్జాండర్ రీ తవ్వకాలు మొదలుపెట్టాక ఇక్కడ శాతవాహనుల నాణెం, సముద్రగుప్తుడి బంగారు నాణెం, తూర్పు చాళుక్యరాజు కుబ్జ విష్ణువర్ధనుడి రాగి నాణేలు బయటపడ్డాయి. సముద్రగుప్తుడు నాలుగో శతాబ్దం, విష్ణువర్ధనుడు ఏడో శతాబ్దం. ఈ కొండకి ఎన్ని వందల ఏళ్లు మనుషుల రాకపోకలున్నాయో ఆ నాణేలే చెబుతాయి. ఏ చోట, ఏ పొరలో దొరికిందో తెలిస్తేనే నాణెం కథ చెబుతుంది. అదే నాణెం ఎక్కడిదో తెలియకుండా వెల్వెట్ పెట్టెలో వస్తే సగం కథ పోయినట్టే.

"మరి పొలంలో దొరికితే మనవే కదా?" అన్నాడు మావయ్య, ఇంకా ఆశ చావక.

కాదు. 1878 నాటి నిధుల చట్టం ఇప్పటికీ ఉంది. భూమిలో దొరికిన నిధి విలువ పది రూపాయలు దాటితే కలెక్టర్‌కి చెప్పాల్సిందే. రాముడు, హనుమంతుడి బొమ్మలతో "ఈస్టిండియా కంపెనీ, వన్ అణా, 1818" అని రాసి అమ్మేవయితే నాణేలే కావు. కంపెనీ అలాంటివి ఎప్పుడూ వెయ్యలేదు.

స్తూపం పక్కన కూర్చుని ఇంకోటి చెప్పాను. ఇలాంటి ఆఫర్లు నమ్మొద్దని 2021 ఆగస్టులో రిజర్వు బ్యాంకే హెచ్చరించింది. పాత నోట్లు, నాణేల లావాదేవీల్లో తాము లేమని, వాటికి ఎలాంటి చార్జీలూ కమీషన్లూ అడగమని చెప్పింది. మావయ్య వింటున్నాడు గానీ, కళ్లు ఫోన్ మీదే ఉన్నాయి.

సరిగ్గా అప్పుడే ఫోన్ మోగింది. వాళ్లే. స్పీకర్ పెట్టమన్నాను.

"సార్, ఇంకా 30 నిమిషాలే టైముంది. తర్వాత మీ ఫైల్ క్లోజ్ అయిపోతుంది. పది లక్షలు పోతాయి సార్."

నేను ఫోన్ లాక్కుందామనుకున్నా. మావయ్య చెయ్యడ్డం పెట్టాడు. ఒక్క క్షణం కొండ కింద చెరకు తోటల వైపు చూశాడు. తర్వాత యార్డులో రేటు తేల్చే గొంతుతో అడిగాడు:

"బాబూ, నేను ముప్పై రెండేళ్లు బెల్లం మార్కెట్‌లో చేశాను. సరుకు చేత్తో పట్టుకోకుండా పది లక్షలిచ్చే షావుకారిని నేను చూళ్లేదు. కొనేవాడు అమ్మేవాడి దగ్గర డబ్బులడగడం అసలే చూళ్లేదు. నువ్వు మా ఊరొచ్చి, నాణెం చూసి, డబ్బు చేతిలో పెట్టి తీసుకెళ్లు. టీ నేనిప్పిస్తాను."

అవతల లైన్ కట్టయింది.

అక్కడి నుంచే 1930కి ఫోన్ చేసి ఫిర్యాదు ఇచ్చాం. పోయిన 1,100 వస్తుందో రాదో. 9,500 మాత్రం మిగిలింది.

దిగేటప్పుడు మావయ్య ఓ మెట్టు మీద ఆగాడు. "పొద్దున్న నీకు చెప్పాను చూడు, మరీ మెరిస్తే అనుమానించాలని. ఆ మాట నాకే గుర్తు రాలేదురా."

మర్నాడు బస్సెక్కేటప్పుడు అత్త ఓ సంచీ ఇచ్చింది. అందులో బెల్లం, ముదురు రంగుది. నెల తర్వాత ఆపరేషన్ బాగా జరిగింది. కట్టు విప్పాక అత్త మొదట దేవుడి పటాల వైపు చూసిందట. అక్కడ వరసగా పెట్టిన పదిహేను లక్ష్మీదేవి, వినాయకుడు, వెంకన్న నాణేలని చూసి, "ఇవి మరీ ఇంత మెరుస్తున్నాయేటండీ" అందట.