ముందు కిల్ స్విచ్, తర్వాతే స్పీడు

రిమోట్‌తో నడిచే వన్-ఫిఫ్త్ సైజు పెట్రోల్ ఆర్‌సీ కారు కొన్నోళ్లు ముందు అడిగేది స్పీడు పెంచే సైలెన్సర్ గురించే. అది తర్వాత సంగతి సామీ! పది కిలోలు, ఇంకా ఎక్కువే బరువుండే బండి, రిమోట్ సిగ్నల్ పోతే జనంలోకి దూసుకుపోగలదు. మొదటి ఖర్చు కిల్ స్విచ్‌కే. సిగ్నల్ తెగ్గానే ఇంజన్ ఆపేస్తుంది.

ఇంక మన కర్నూలు దుమ్ము. ఎండాకాలం తుంగభద్ర ఇసుకలో ఒక్క సాయంత్రం తిప్పి ఎయిర్ ఫిల్టర్ స్పాంజి విప్పి చూడండి, దానికి పట్టించిన నూనెకు దుమ్మంతా పేస్టులా అంటుకునుంటుంది. స్పాంజికి ఆ నూనె పట్టించకుంటే అదంతా లోపలికి పోయి పిస్టన్, సిలిండర్ అరిగిపోతాయి. పైన మెష్ తొడుగు కూడా వేయండి. కడప వైపు రాళ్లనేలలో తిప్పేవాళ్లకు స్టీరింగ్ సర్వో మెటల్ గేర్లది కావాల.

నల్లరేగడి తడిసిన రోజు మాత్రం బండి బయటికి తీయొద్దు. టైర్ల బంక కడగడానికే పొద్దుపోతుంది.