పన్నెండుమందిలో ఒకరు

సాటి మనిషిని గురించి అభిప్రాయం చెప్పడం తేలిక. తీర్పు చెప్పడం కష్టం. రచ్చబండ మీద కూర్చున్నవారు క్షణంలో ఒకరిని దోషిగా తేల్చగలరు. ఆ మాటకు జవాబుదారీ లేదు కనుక వారికి సంకోచమూ ఉండదు. అదే మాట న్యాయస్థానంలో ప్రమాణం చేసి చెప్పవలసి వస్తే నాలుక తడబడుతుంది. అమెరికాలో సామాన్య పౌరునికి ఆ అవస్థ ఒక ఉత్తరం రూపంలో ఎదురవుతుంది. అదే జ్యూరీ పిలుపు.

ఓటర్ల జాబితాల నుండి, చాలాచోట్ల డ్రైవింగ్ లైసెన్సుల జాబితాల నుండి కూడా, అక్కడ పేర్లను యాదృచ్ఛికంగా ఎన్నుకొంటారు. హోదా, సంపద లెక్కలోకి రావు. అక్కడి పౌరసత్వం స్వీకరించిన తెలుగువారికీ ఆ పిలుపు వస్తుంది. హక్కులను ఆనందంగా అందుకొన్న మనస్సు ఈ బాధ్యతను చూసి మొదట వెనుకాడుతుంది. ఉద్యోగం, పసిపిల్లలు, తెగని నిరీక్షణ గుర్తుకు వస్తాయి. తప్పించుకొనే దారి వెదకడం మానవ సహజం. కాని ముద్దాయి స్థానంలో తానే నిలిస్తే, తీరిక లేదని అందరూ తప్పుకొంటే, తన మాట వినేదెవరు? ఈ ప్రశ్న ముందు సాకులన్నీ వెలవెలబోతాయి.

న్యాయస్థానంలో తొలి పరీక్ష జ్యూరీ సభ్యునికే. ఎన్నడైనా నేరానికి గురయ్యారా? బంధువులలో పోలీసు ఉద్యోగులున్నారా? సాక్ష్యం విన్న తరువాతనే నిర్ణయానికి రాగలరా? ఈ ప్రశ్నలకు నిజాయితీగా జవాబు చెప్పబోయినవారికి, తమలో ఇంతకాలం దాగిన పక్షపాతాలు కనిపిస్తాయి.

పైకి కనిపించే ఆధారం ఎంత మోసం చేయగలదో శూద్రకుని 'మృచ్ఛకటికం' తొమ్మిదవ అంకం చూపుతుంది. చారుదత్తుని విచారణలో న్యాయాధికారితోపాటు శ్రేష్ఠి, కాయస్థుడు కూర్చుంటారు. మిత్రుడైన మైత్రేయుని వద్ద నుండి వసంతసేన నగలు జారిపడగానే నిర్దోషి హంతకుడవుతాడు. చంపబడిందనుకొన్న వసంతసేన మాత్రం బ్రతికే ఉంది! సహేతుకమైన సందేహం మిగిలితే శిక్షించరాదన్న నియమం విలువ ఇక్కడే తెలుస్తుంది.

తీర్పు చెప్పడానికి ధైర్యమూ కావాలి. 1670లో లండన్‌లో విలియం పెన్, విలియం మీడ్‌లను దోషులుగా ప్రకటించడానికి జ్యూరీ నిరాకరించింది. అన్నపానీయాలు లేకుండా నిర్బంధించినా సభ్యులు లొంగలేదు. జరిమానా చెల్లించనందుకు ఎడ్వర్డ్ బుషెల్ మొదలైనవారు చెరసాలకు వెళ్లారు. తీర్పు ఇచ్చినందుకు జ్యూరీని శిక్షించరాదని తుదకు ప్రధాన న్యాయమూర్తి జాన్ వాన్ నిర్ణయించాడు.

అయినా జ్యూరీ దోషరహితమైనది కాదు. భావావేశం, పత్రికల హోరు దానిని కదిలించగలవు. 1959లో బొంబాయిలో నానావతి హత్యకేసులో ఎనిమిదిమంది నిర్దోషి అనగా ఒక్కరే విభేదించారు. ఆ నిర్ణయంతో ఏకీభవించని సెషన్సు న్యాయమూర్తి కేసును హైకోర్టుకు నివేదించాడు. హైకోర్టు శిక్ష విధించింది. 1961లో సుప్రీంకోర్టు దానిని ఖాయపరచింది. 1973 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో జ్యూరీకి స్థానం దక్కలేదు. మన దేశం ఆ భారాన్ని న్యాయమూర్తులకే అప్పగించింది.

అమెరికాలో తీవ్రమైన నేరాలలో దోషిగా నిర్ణయించాలంటే జ్యూరీ సభ్యులందరూ ఏకీభవించాలని 2020లో అక్కడి సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. కనుక పన్నెండుమందిలో ఒక్కరి సందేహానికీ విలువ ఉంది. పదకొండుమంది ఇంటికి వెళ్లడానికి తొందరపడుతున్నప్పుడు "ఆ సాక్ష్యాన్ని మరొకసారి పరిశీలిద్దాం" అనడం చిన్న సాహసం కాదు. అలాగే, సహేతుకమైన కారణం విన్నప్పుడు పట్టుదల విడిచి మనసు మార్చుకోవడమూ సాహసమే.

జ్యూరీ లేని దేశంలో కూడా మనుషులు ప్రతిదినమూ తీర్పరులే. తరగతిలో, వీధిలో, చేతిలోని ఫోన్‌లో ఎవరో ఒకరిపై నింద వినబడుతూనే ఉంటుంది. రెండవ పక్షం మాట విన్నామా అని తనను తాను అడుగగలిగిన వ్యక్తి, ఏ పిలుపూ అందకుండానే ఆ పీఠానికి అర్హుడు.