అనుబంధంలో నాయిన

"అంతా చప్పుడే గదా మేడం, ఇందులో భావమేది?" అన్నరు మా సీనియర్ సారు. చేతిలో ఫోను, ఫోన్లో మా బీకాం పిల్లగాడు చేసిన ట్రాక్. రెండు నిమిషాలు విన్నరు. స్పీకర్ నుంచి చిటచిట తప్ప ఏం రాలేదు. ఆయన అబద్ధం చెప్పలేదు. ఆ ట్రాక్‌లో ఉన్న సరుకంతా 50 హెర్ట్జ్ చుట్టుపక్కల ఉన్నది. అంత కింది ధ్వనిని పలికే శక్తి ఫోన్ స్పీకర్‌కు లేదు. సారు విన్నది పైపొట్టు.

ఆ పిల్లగాడు మా జహీరాబాద్‌లోనే ముహూర్తాల రోజులల్ల డీజే బండి మీద పనిచేస్తడు. ఫోన్లో ఎఫ్ఎల్ స్టూడియో పెట్టుకొని రాత్రిళ్లు ట్రాకులు కడుతడు. వానికీ వాని దోస్తుకూ ఆ పొద్దు వరండాలో పెద్ద లొల్లి. ఒకడు "ఇది డబ్‌స్టెప్" అంటడు. ఇంకొకడు "నీ మొఖం, బ్రోస్టెప్" అంటడు. నన్ను తీర్పు చెప్పమన్నరు. తెలుగులో డాక్టరేట్ చేసినదానికి ఈ పంచాయితీ ఏంది అని నవ్వొచ్చింది. తర్వాత అనిపించింది, సాహిత్యంలో మేం చేసేది కూడా ఇదే గదా. ఇది గేయమా, పదమా, కథాగేయమా అని డబ్బాలల్ల సర్దుడు.

వాళ్లు చెప్తే విని, తర్వాత నేను కూడా కొంత చదువుకున్న. డబ్‌స్టెప్ పుట్టింది దక్షిణ లండన్‌లో, క్రాయ్‌డన్ దిక్కు. బిగ్ యాపిల్ అనే రికార్డుల దుకాణం చుట్టూ మూగిన పిల్లలు 2000 తర్వాత కట్టిన సంగీతం. వేగం నిమిషానికి దాదాపు 140 దెబ్బలు. కానీ గట్టి దెబ్బ సగం నడకతో, మూడో లెక్క మీద పడుతది. అందుకే ఒకేసారి ఉరుకుతున్నట్టూ ఉంటది, కాళ్లీడ్చుకుంట నడుస్తున్నట్టూ ఉంటది. 2005 నుంచి మాలా, కోకి, లోఫా అనేటోళ్లు బ్రిక్స్‌టన్‌లో ఒక చర్చి భవనంలో డీఎంజెడ్ పేరుతో రాత్రులు నడిపినరు. అక్కడ చీకట్లో నిలబడి ఆ బేస్ బరువును ఒంటితోని వినాలె. 2007లో బరియల్ అనేటాయన 'అన్‌ట్రూ' తెచ్చిండు. వాన చప్పుడు, అరిగిన రికార్డు చిటచిట, తెగిపోయిన గొంతులు. 2010లో అమెరికా నుంచి స్క్రిల్లెక్స్ వచ్చిండు. కింద ఉండే బేస్ పైకొచ్చి రంపం లెక్క అరిచింది. 2012లో మూడు గ్రామీలొచ్చినయి. పాత అభిమానులు దానికి పెట్టిన ఎక్కిరింపు పేరే బ్రోస్టెప్. లోతు మాది, వీరంగం వాళ్లది అన్నట్టు.

ఈ లొల్లిలో నన్ను పట్టుకున్నది మొదటి సగం మాట, 'డబ్'. అది జమైకా మాట. కింగ్‌స్టన్‌లో కింగ్ టబ్బీ అని రేడియోలు, యాంప్లిఫయర్లు రిపేరు చేసే మెకానిక్ ఉండె. పాటలో గొంతు తీసేసి, డ్రమ్మునూ బేస్‌నూ మిగిల్చి, వాటికి ప్రతిధ్వని కలిపి 1970లల్ల కొత్త పాట చేసినోళ్లలో పెద్ద పేరు ఆయనది. పెద్ద పెద్ద స్పీకర్ పెట్టెలు పెట్టి వాడలల్ల పాటలేసే సౌండ్ సిస్టమ్‌లు వాళ్లవి. బానిసలుగా తెచ్చిన ఆఫ్రికన్ల మునిమనుమలు వాళ్లు. లండన్‌కు వలసపోతే ఆ పెట్టెల సంస్కృతి కూడా వాళ్లెంట పోయింది. మా పిల్లగాని డీజే బండిని చూస్తే ఇప్పుడు నాకు అదే యాదికొస్తది.

"ఈ తీన్‌మార్ మన సంస్కృతేనా?" అని కూడా మా సారు అడుగుతుంటరు. తీన్‌మార్ హైదరాబాద్ మర్ఫాలో ఒక దరువు. మర్ఫాను తెచ్చింది నిజాం కొలువులో పనిచేసిన సిద్దీలు, యెమెన్ దిక్కు నుంచి వచ్చిన అరబ్బులు. మాసబ్‌ట్యాంక్ పక్కన ఏసీ గార్డ్స్‌లో ఏసీ అంటే ఆఫ్రికన్ కావల్రీ. ఎయిర్ కండిషన్ అనుకునేటోళ్లను నేను చూసిన. మన పెండ్లి బరాత్‌లో ఎగిరే కాళ్ల కింద కూడా ఆ నల్లోళ్ల చేతులే ఉన్నయి.

2024 అక్టోబర్‌లో హైదరాబాద్ పోలీసులు మత ఊరేగింపులల్ల డీజేలను నిషేధించిండ్రు. గుండె జబ్బోళ్లు, పసిపిల్లలు ఉండే గల్లీలో ఆ పెట్టెలు హింసే, నేను కాదనను. అయితే చప్పుడు ఎక్కువైందనుడు వేరు, అందులో భావం లేదనుడు వేరు. మొదటిది డెసిబెల్ మీటరు చెప్తది. రెండోది ఎవరు చెప్పాలె?

ఒకప్పుడు నేనే చెప్పిన.

బిరుదురాజు రామరాజు గారు 1950లల్ల ఉస్మానియాలో జానపద గేయాల మీద సిద్ధాంత గ్రంథం రాసిన కాలం నుంచి మా శాఖలల్ల ఒక తొవ్వ పడ్డది. పాట సేకరించు, మాటలు రాసుకో, వర్గీకరించు. ఆ తొవ్వ లేకుంటే మా అమ్మలక్కల పాటలు ఎన్నో మన్నులో కలిసేటివి, ఆ రుణం ఉన్నది. నాకు రికార్డర్ పట్టుకునే ధైర్యం మాత్రం మాచ్‌నూర్ నుంచి వచ్చింది. 2008 నుంచి అక్కడ దళిత ఆడోళ్లు సంఘం రేడియో నడుపుతున్నరు. వాళ్లు పట్టుకోంగ నేనెందుకు పట్టుకోవద్దనుకున్న.

సావింట్లో మా అమ్మ శోకం తీస్తుంటే రికార్డు చేసి రాసుకున్న. అది మూడో అధ్యాయమయింది. కరుణ రసం, శోకం స్థాయీభావం, అన్నీ చక్కగా కుదిరినయి. మా నాయిన డప్పు కొట్టెటోడు. ఝరాసంగం దిక్కు మా ఊర్లో ఎవరు సచ్చినా ఆయన చేతిలో సిర్రనే ముందు లేచేది. ఆయన దరువులో మాటల్లేవు. మాటల్లేనిది సాహిత్యమెట్లయితది? "అనుబంధంలో పెట్టమ్మా" అన్నరు గైడ్. పెట్టిన. 'నమూనా 14: చావు డప్పు. నిడివి 11 నిమిషాలు.' మా నాయిన అట్ల అనుబంధంలోకి పోయిండు. తెలుగులో ఆ మాటకు ఇంకో అర్థం ఉన్నదని అప్పుడు తోచనే లేదు.

'చావు డప్పు' అనే పేరు కూడా చూడుండ్రి. అదే మేకతోలు, అదే చెక్క చట్రం. పెండ్లికి కొట్టిండు, జాతరకు కొట్టిండు, చాటింపుకు కొట్టిండు. పేరు మాత్రం సావుకే అతుక్కున్నది, ఆ సావుతోని మా కులానికి అతుక్కున్నది. (మృదంగానికి తోలు బిగించే చేతుల గురించి టి.ఎం. కృష్ణ 'సెబాస్టియన్ అండ్ సన్స్' రాసిండు. 2020లో చెన్నైలో ఆ పుస్తకం ఆవిష్కరణకు ఇస్తమన్న హాలు ఆఖరుకు ఇయ్యలేదు. తోలు కావాలె, తోలు ముచ్చట వద్దు.)

అమ్మ శోకంలో ఎవరి కోసం ఏడుస్తున్నదో, ఎందుకేడుస్తున్నదో మాటలు చెప్తయి. నాయిన దరువు ఏమీ చెప్పదు. నీ బాధ నువ్వు పెట్టుకోనీకి జాగ ఇడుస్తది. గొంతు తీసేసిన డబ్‌లో కూడా నాకు వినిపించింది ఆ జాగనే. పీహెచ్‌డీ అయిపోయిన ఇన్నేండ్లకు!

నాయిన 2019లో పోయిండు. అప్పటికే మా వాడ పోరగాళ్లు ఊరోళ్ల సావులకు వెట్టిగా డప్పు కొట్టేది లేదని తీర్మానం చేసుకున్నరు. ఆ తీర్మానం రాసిచ్చింది నేనే. ఆ రోజు మా పెదనాయిన గడ్డి మంట పెట్టి డప్పు కాగబెడుతున్నడు. నేను పోయి "మనం బంద్ జేసినం గద పెదనాయినా" అన్న. నా మొఖంలోకి చూసిండు. "ఊరందరి సావులకు కొట్టినోడు బిడ్డా" అన్నడు. అంతే, ఇంకో మాట అనకుంట మంట మీద నీళ్లు చల్లిండు. నాయిన సప్పుడు లేకుంట పోయిండు. వెట్టి వద్దన్నం, మన దుఃఖానికి మన డప్పు కూడా వద్దని ఎవరన్నరు? ఆ రెండింటినీ విడదీసే తెలివి ఆ పొద్దు నాకు రాలేదు.

మొన్న మా పిల్లగాడు, "నెట్ల దొరికే దరువులన్నీ ఒక్క లెక్కనే ఉన్నయి మేడం, అసలుది ఉంటే ఇయ్యుండ్రి" అన్నడు. నమూనా 14 ఇచ్చిన. సారు ఫోన్లో విని భావమేది అన్నది ఆ ట్రాకే.

పోయిన ఆదివారం బీదర్ రోడ్డు మీద షెడ్డులో, డీజే పెట్టెల మీద పెట్టిండు. పెదనాయినను తోలుకపోయిన. వాడు గొంతులేవీ కలపలేదు. నాయిన దెబ్బలల్ల కొన్నింటిని తీసేసి ఖాళీ ఉంచిండు. చిటికెన పుల్ల చిటచిట దూరం దూరం పోయింది. సిర్ర పడాల్సిన కాడ కింద నుంచి బేస్ లేచి నా రొమ్ము ఎముకకు తగిలింది. చిన్నప్పుడు నాయిన పక్కన నిలబడితే సరిగ్గా ఆడనే తగిలేది.

"అప్‌లోడ్ చేస్తే ఏ జానర్ అని అడుగుతది మేడం, ఏం పెట్టాలె?" అన్నడు వాడు. నాకేం తోచలేదు.

పెదనాయిన తల వంచుకొని మొత్తం విన్నడు. "మీ నాయిన చెయ్యే" అన్నడు. కొంచెం సేపు ఆగి, "డప్పు సరిగ్గ కాగలే ఆ పొద్దు. దెబ్బ మెత్తగ పడ్డది" అన్నడు.

నిజమే. ముసురు పట్టిన దినం. మంట అంటుకుంటలేదు. యూనివర్సిటీకి తిరిగిపోయే బస్సు టైమయితుందని నేనే తొందరపెట్టిన.