కడుపులో దాచుకున్న లెక్క

తెల్లవాళ్ల జబ్బని ఒకప్పుడు కొట్టిపారేసిన పేగుపూత మన ఇళ్లలోనే ఉంది. మనమే బయటకు చెప్పడం లేదు

కిందటేడు దసరాకు బెంగళూరు నుంచి వచ్చిన మా అబ్బాయి బాత్రూంలోకి వెళ్లి అరగంటైనా బయటకు రాలేదు. వచ్చాక చూస్తే ముఖం పాలిపోయి ఉంది. గుచ్చి గుచ్చి అడిగితే చెప్పాడు. ఎనిమిది నెలలుగా విరేచనంలో రక్తం పడుతోందట. 'మరి చెప్పలేదేంరా?' అన్నాను. 'ఇలాంటివి ఎవరికి చెప్పుకుంటాం నాన్నా?' అన్నాడు. నా దగ్గర సమాధానం లేదు. వాడు పుట్టకముందు నుంచీ నాకూ అదే బాధ. వాడికి తెలీదు.

నాకున్నది అల్సరేటివ్ కొలైటిస్. పెద్దపేగు లోపలి పొర వాచి పుండ్లు పడే జబ్బు. శరీరాన్ని కాపాడాల్సిన రోగనిరోధక వ్యవస్థే పేగు మీద తిరగబడుతుంది. ఇదీ, చిన్నపేగును కూడా వదలని క్రోన్స్ వ్యాధీ కలిపితే ఐబీడీ. వాడుకలో పేగుపూత. మందులతో అదుపులో ఉంటుంది తప్ప పూర్తిగా పోదు.

1996లో వరంగల్‌లో బ్యాంకు ఉద్యోగం చేస్తుండగా మొదలైంది. వేడి చేసిందని అమ్మ మజ్జిగ, సబ్జా గింజలు ఇచ్చింది. ఒక డాక్టరు మొలలన్నారు. మరొకరు అమీబియాసిస్ అన్నారు. మెట్రోనిడజోల్ బిళ్లల చేదు ఏడాదిన్నర పాటు నాలుకను వదల్లేదు. ఎక్కడికైనా బస్సెక్కాలంటే ముందు రాత్రి నుంచే పస్తు. చివరికి హైదరాబాద్‌లో కొలనోస్కోపీ చేసిన డాక్టరుగారు జబ్బు పేరు చెప్పి, 'ఇది తెల్లవాళ్ల జబ్బండీ, మన దగ్గర చాలా అరుదు' అన్నారు. ఆయన్ను తప్పుపట్టలేను. అప్పట్లో అందరూ అనుకున్నది అదే. కానీ ఆ మాట ముల్లులా దిగింది. ఇంతమందిలో నాకొక్కడికే ఎందుకు? పైగా పెళ్లి సంబంధాలు చూస్తున్న రోజులు. 'గ్యాస్ ట్రబుల్ అని చెప్పు, చాలు' అంది అమ్మ. మా ఆవిడకు పెళ్లయిన రెండేళ్లకు గానీ అసలు సంగతి చెప్పలేదు. కొడుక్కి అదీ లేదు.

'అరుదు' అన్న మాటలో పస లేదని తరవాత లెక్కలు చదివాక అర్థమైంది. 1999లో పంజాబ్‌లోని లూధియానాలో వైద్యులు ఇంటింటి సర్వే చేయించారు. ఎంతకీ తగ్గని విరేచనాలున్నాయా, రక్తం పడుతోందా అని 51,910 మంది విషయంలో ఆరా తీసి, అనుమానం ఉన్నవారికి పరీక్షలు జరిపారు. 23 మందికి అల్సరేటివ్ కొలైటిస్ ఉన్నట్లు తేలింది. అంటే లక్షకు 44 మంది. ఈ లెక్కన 8 లక్షల జనాభా ఉన్న పట్టణంలో 350 మంది ఉండాలి. నాకొక్కడికే అనుకుంటూ నేను తిరిగిన వీధుల్లో ఇంకెంతమంది మరుగుదొడ్డి ఎక్కడుందా అని వెతుక్కున్నారో!

నిజానికి అంతకుముందే, 1992లో, ఇంగ్లండ్‌లోని లీస్టర్‌షైర్ నుంచి ఒక అధ్యయనం వెలువడింది. అక్కడ స్థిరపడిన దక్షిణాసియా వాళ్లలో ఏటా లక్షకు 10.8 మంది కొత్తగా ఈ కొలైటిస్ బారినపడుతున్నారు. తెల్లవాళ్లలో 5.3 మందే. ఇంతకీ అది ఎవరి జబ్బు? ఆసియా-పసిఫిక్‌లోని 13 దేశాలు, ప్రాంతాల మీద 2019లో వచ్చిన అధ్యయనంలో ఐబీడీ కొత్త కేసులు ఏటా సగటున లక్షకు 1.5. భారత్‌లో మాత్రం 9.3. ఆసియాలో అదే ఎక్కువ. పోనీ నగరాల జబ్బని సరిపెట్టుకుందామా అంటే, 2020 తరవాత తెలంగాణలో పేగు సమస్యలతో వచ్చినవారిని పరీక్షించినప్పుడు ఐబీడీ తేలిన వారి నిష్పత్తి పల్లెల్లోనూ, నగరంలోనూ దాదాపు ఒకటే.

జబ్బే పెరిగిందా, కనిపెట్టడం పెరిగిందా? రెండూ అంటారు వైద్యులు. మారిన తిండి, యాంటీబయోటిక్స్ వాడకం మీద అనుమానాలున్నాయి. మరోవైపు కొలనోస్కోపీ చిన్న పట్టణాలకూ చేరింది. అయినా క్రోన్స్‌ను పేగు క్షయ అనుకుని నెలల తరబడి టీబీ మందులు మింగేవారు ఇప్పటికీ ఉన్నారు.

అబ్బాయిని డాక్టరు దగ్గరకు తీసుకెళ్లాను. ఆయన అడిగిన మూడో ప్రశ్న, 'ఇంట్లో ఇంకెవరికైనా ఉందా?' తల్లిదండ్రుల్లో ఒకరికి ఉంటే పిల్లలకు వచ్చే అవకాశం ఎక్కువ మరి. 'ఎవరికీ లేదండీ' అన్నాడు వాడు. పక్క కుర్చీలోంచి 'నాకుంది' అన్నాను. వాడు నావైపు తిరిగిన తీరు మర్చిపోలేను. కోపం కాదు. 'ఎనిమిది నెలలు భయపడ్డాను నాన్నా, క్యాన్సరేమోనని' అన్నాడు బయటకొచ్చాక.

ఇప్పుడు తండ్రీకొడుకులం ఒకే మందు వాడుతున్నాం. వాడికి రక్తం ఆగింది. ఈమధ్య బ్యాంకు మిత్రుల విందులో 'కారం ఎందుకు తినరు?' అని ఎవరో అడిగితే, గ్యాస్ ట్రబుల్ అనకుండా జబ్బు పేరే చెప్పాను. అందరూ ఒక్క క్షణం గమ్మునుండిపోయారు. భోజనాలయ్యాక ఒక పెద్దాయన చేతులు కడుక్కునే చోట నన్ను ఆపారు. 'మా కోడలికీ అదేనండీ' అన్నారు గొంతు తగ్గించి. 'ఎవరికీ చెప్పకండి.'